హనీమూన్ టికెట్టు మీద ఏ ఇంటిపేరు ఉండాలి?

జ్యేష్ఠమాసంలో పెళ్లి చేసుకున్న జంటలకు ఆషాఢం తరుముకొస్తూ ఉంటుంది. అది రాగానే కొత్త పెళ్లికూతురిని పుట్టింటికి తీసుకువెళ్తారు కనుక, సత్యనారాయణ వ్రతం ముగిసిన నాటి నుంచి అమావాస్య వరకు మిగిలే కొద్ది రోజుల్లోనే హనీమూన్ పూర్తి చేసుకోవాలి. ఇక్కడ హైదరాబాదులో మా పిన్ని కూతురి పెళ్లి కుదిరినప్పుడు, ఆ వ్యవధిలోనే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించి, కొత్త పేరుతోనే మాల్దీవులకు పంపాలని మగపెళ్లివారు ముచ్చటపడ్డారు. వారి మాట విన్న ట్రావెల్ ఏజెంటు ఒక అడుగు ముందుకు వేసి, అమ్మాయి పేరుకు అత్తవారి ఇంటిపేరు తగిలించి టికెట్టు కూడా తీసేశాడు. పాస్‌పోర్టులో మాత్రం ఆమె ఇంటిపేరు పుట్టినప్పటి నుంచి ఉన్నదే.

ఈ విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. హనీమూన్‌కు పాత పేరుతోనే వెళ్లి రావాలి. మార్చుకోదలచుకుంటే తిరిగి వచ్చాక తీరిగ్గా మార్చుకోవాలి. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న పాస్‌పోర్టు పెళ్లి కారణంగా చెల్లకుండా పోదు. దాని గడువు ప్రయాణం తేదీ నుంచి కనీసం ఆరు నెలలు ఉందో లేదో చూసుకోవడం ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే చాలా దేశాలు ఆ నిబంధన పెడతాయి.

విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటరు దగ్గర ఉన్నవారు పేర్ల విషయంలో చూసేది టికెట్టు మీది పేరు, పాస్‌పోర్టులోని పేరు ఒకటేనా అన్నది మాత్రమే. భార్యాభర్తల ఇంటిపేర్లు ఒకటేనా అన్నది వారికి అనవసరం. ఫొటో ఉన్న పేజీ అడుగున బాణపు గుర్తులతో నిండిన రెండు వరుసలు కనిపిస్తాయి కదా, యంత్రం చదివేది వాటినే. ఒక్కో వరుసలో 44 స్థానాలుంటాయి. మొదటి వరుసలో పత్రం రకానికి, దేశానికి 5 స్థానాలు పోగా పేరుకు మిగిలేవి 39. వాటిలో ముందు ఇంటిపేరు, ఆ తరువాత రెండు బాణపు గుర్తులు, ఆ పైన అసలు పేరు వస్తాయి. తాతమ్మ పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, నక్షత్రాన్ని బట్టి పెట్టిన పేరు అన్నీ కలిపి పెట్టుకునే మన వాళ్లలో కొందరికి ఆ 39 స్థానాలు చాలవు. అటువంటివారు టికెట్టు తీసేటప్పుడు నోటిమాటగా పేరు చెప్పకుండా, పాస్‌పోర్టు పేజీని ఎదురుగా పెట్టుకుని ఇంటిపేరు ఏ గడిలో ఉందో, అసలు పేరు ఏ గడిలో ఉందో చూసి అలాగే నింపించాలి. ఒకటి రెండు అక్షరాల తప్పయితే విమానయాన సంస్థలు సాధారణంగా దిద్దుతాయి. ఇంటిపేరు మొత్తం మారిందంటే మాత్రం చాలాసార్లు రద్దు చేసి కొత్తగా కొనుక్కోవాల్సిందే. మా చెల్లెలి విషయంలో అదే జరిగింది. ఏజెంటు గొణుక్కుంటూనే తేడా సొమ్ము భరించాడు.

ముందే మార్పించుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం పాస్‌పోర్టు సేవా కేంద్రంలో జరిగే పనిలోనే ఉంది. పేరు మార్పంటే ఉన్న పుస్తకంలో దిద్దడం కాదు, కొత్త పుస్తకం జారీ చేయడం. పెద్దవారికి 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు. బేగంపేటలోనైనా మరో చోటనైనా అధికారి దరఖాస్తును ఆమోదించాక పాత పాస్‌పోర్టును రద్దు చేసి చేతికిస్తారు. కొత్తది స్పీడ్ పోస్టులో ఇంటికి చేరేదాకా మీ దగ్గర ప్రయాణానికి పనికొచ్చే పాస్‌పోర్టే ఉండదు. పైగా కొత్త పుస్తకానికి నంబరు కూడా కొత్తదే వస్తుంది కాబట్టి, పాత నంబరు మీద తీసుకున్న ఈ-వీసా పనికిరాదు. తెలంగాణ పోలీసుల విచారణ వేగంగానే పూర్తవుతుందన్న మంచి పేరు ఉన్నా, ఆ వేగాన్ని నమ్ముకుని ఆషాఢంతో పందెం కాయడం నాకు నచ్చదు.

పెళ్లికి ముందే సరిచేయించుకోవలసిన సంగతి ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మనలో కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పదంగా పేరు ఉండి, ఈ రెండు గడుల్లో ఏదో ఒకటి ఖాళీగా ఉన్నవారిని పర్యాటక వీసాపై అనుమతించబోమని యుఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన తెచ్చింది. దుబాయ్ వెళ్లాలనుకునే జంటలు పాస్‌పోర్టులు తెరిచి ఈ గడులు చూసుకోవాలి. వరుడి పాస్‌పోర్టు కూడా చూడాలి, ఎందుకంటే ఈ లోపానికి ఆడా మగా తేడా లేదు.

ఇక వివాహ ధ్రువపత్రం. దీన్ని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వీలైనంత త్వరగా తీసుకోవడం మంచిది. మన రాష్ట్రంలో పెళ్లి నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002 నాటిది. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసుకూ చిరునామాకూ ఆధారాలు, సాక్షులు కావాలి. దరఖాస్తులో పేర్లను పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. లక్ష్మి అన్న పేరును పదో తరగతి మెమోలో ఎక్స్ అక్షరంతోను, ఆధార్‌లో కె, ఎస్, హెచ్ అక్షరాలతోను రాసుకున్న ఇళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. ధ్రువపత్రంలో మూడో రూపం చేరితే తరువాత ప్రతి కార్యాలయంలోనూ సంజాయిషీ చెప్పుకోవాలి. కొన్ని రిసార్టులు హనీమూన్ రాయితీ ఇవ్వడానికి పెళ్లి ఆధారం అడుగుతాయి కనుక దాని నకలు ఫోనులో ఉంచుకోవాలి. మాల్దీవులు మన వారికి దిగిన చోటనే వీసా ఉచితంగా ఇస్తాయి. ప్రయాణానికి ముందు 96 గంటల లోపల ఆన్‌లైన్‌లో నింపవలసిన వివరాల పత్రంలోనూ పాస్‌పోర్టులోని పేరే రాయాలి.

తిరిగి వచ్చాక ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే నేను ముందు ఆధార్ చూసుకోమంటాను. దానిలో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు కాబట్టి, అక్షరక్రమం కూడా అప్పుడే తేల్చుకోవాలి. తరువాత పాన్, బ్యాంకు ఖాతా, చివర పాస్‌పోర్టు. భర్త పేరు మాత్రం చేర్పించి ఇంటిపేరును అలాగే ఉంచుకోవడానికీ వీలుంది. అయితే దానికీ కొత్త పుస్తకమే తీసుకోవాలి. పాత పాస్‌పోర్టులో గడువు ఉన్న వీసా ఏదైనా ఉంటే ఆ పుస్తకాన్ని పారేయకూడదు. పేరు మారినవారి పాత వీసాను అంగీకరిస్తారో లేదో ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైటులో చూసుకుని, అంగీకరిస్తే రెండు పుస్తకాలనూ, వివాహ ధ్రువపత్రాన్నీ చేతి సంచిలోనే పెట్టుకుని బయలుదేరాలి.