తాతయ్యది ఏ ఆర్మీ?

మేముండేది అమెరికాలో. మొన్న నవంబర్ 11కి మావాడి స్కూల్లో వెటరన్స్ డే (మాజీ సైనికుల దినం) అసెంబ్లీ పెట్టారు. ఇంట్లో ఎవరైనా సైన్యంలో పనిచేసి ఉంటే ఆ పిల్లలు లేచి నిలబడండి అన్నారట. మావాడు లేవలేదు. "అదేంట్రా, తాతయ్య మిలిటరీలోనే కదా చేసింది" అంటే, "ఆయన ఈ కంట్రీ కోసం చెయ్యలేదు కదమ్మా, నేను లేస్తే అబద్ధం చెప్పినట్టు అవుతుంది" అన్నాడు. పొగరుగా అన్న మాట కాదది. పన్నెండేళ్ళ పిల్లాడు తనకి తోచినంతలో న్యాయంగా ఆలోచించుకునే కూర్చుండిపోయాడు. నాన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు, నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. పక్కనే మిలిటరీ మాధవరం. ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు పట్టాళానికి వెళ్ళడం అప్పటికే వింతేం కాదు. 1962లో చైనాతో యుద్ధమయ్యాక సైన్యాన్ని పెంచుతూ జోరుగా రిక్రూట్ చేసుకున్నారు, ఆ మరుసటి ఏడు నాన్న సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాస్ శాపర్స్‌లో చేరి బెంగళూరులో ట్రైనింగ్‌కి వెళ్ళారు. అప్పటిదాకా ఆయనకి తెలిసింది నాగలీ, నారుమడీ, గేదెలూ. మా నాయనమ్మ ఒద్దని ఏడ్చిందట, అయినా వెళ్ళారు.

1971లో ఆయన 9 ఇంజనీర్ రెజిమెంట్‌లో ఉన్నారు. డిసెంబర్ 15 రాత్రి షకర్‌గఢ్ సెక్టార్‌లో, బసంతర్ నది దగ్గర, పాకిస్తాన్ వాళ్ళు పాతిన మందుపాతరలు తీసి మన ట్యాంకులకి దారి చేసింది ఆ రెజిమెంటే. ఆ దారిన వెళ్ళిన పూనా హార్స్ అనే రెజిమెంట్ ట్యాంకుల్లోనే 21 ఏళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్ ఉన్నాడు. మర్నాడు ప్రాణం వదిలాడు, తర్వాత పరమవీర చక్ర ఇచ్చారు. నాన్న ఆ పేరు ఎత్తినప్పుడల్లా "చిన్నపిల్లాడమ్మా" అనేవారు, అంతకు మించి మాట్లాడేవారు కాదు. చేసిన పని గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పేవారు. నేలమీద బోర్లా పడుకుని, ఊచని నిలువుగా కాకుండా ఏటవాలుగా గుచ్చుకుంటూ, జానెడు జానెడు ముందుకి జరగాలట. నిలువుగా గుచ్చితే నేరుగా మందుపాతర నెత్తిమీదే నొక్కినట్టవుతుంది. తవ్వి మళ్ళీ కప్పిన మట్టి చేతికి వేరేగా తగులుతుందనీ, అది తనకి ట్రైనింగ్ కంటే ముందు పొలంలోనే తెలిసిందనీ అనేవారు. పోయినసారి ఇక్కడికి వచ్చినప్పుడు మా పెరట్లో టొమాటో మొక్కలు పెడుతూ ఒక పుల్లతో మావాడికి అదంతా చేసి చూపించారు. వాడు నోరు తెరుచుకుని చూశాడు. అసెంబ్లీలో కూర్చుండిపోయింది కూడా వాడే.

పదిహేనేళ్ళ సర్వీసు చేసి, పెన్షన్‌తో వచ్చి మళ్ళీ పొలంలో దిగారు. నేను ఆ తర్వాత పుట్టాను. తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన ఆయన నల్ల ట్రంకుపెట్టెలో ఆ యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్నాయి. వాటి కింద, అమ్మకి రాసిన ఉత్తరాలు, కేరాఫ్ 56 ఏపీఓ అని, అంటే ఆర్మీ పోస్టాఫీసు చిరునామాతో. అమ్మకి చదువు రాదు. ఊళ్ళో పోస్టుమాస్టరుగారి చేత చదివించుకునేది, అందుకని నాన్న మనసులో మాట ఒక్కటీ రాసేవారు కాదు. యుద్ధం అయిన కొద్దిరోజులకే రాసిన ఉత్తరంలో ఏముందంటే, దాళ్వాకి నారుమళ్ళు పోశారా, కాలవకి నీళ్ళు వదిలారా, చూడిగేదె ఎలా ఉంది, నువ్వు వేళకి తిను. బసంతర్ ఊసే లేదు. అదే మనిషి డెబ్భై దాటాక, అమ్మకి పక్షవాతం వస్తే, పనిమనిషిని పెడదామని నేనెంత పోరినా వినకుండా రోజూ తనే తలదువ్వి జడేసేవారు. నాకు తెలిసిన నాన్న ఆయన. మెడల్స్ పెట్టుకుని ఫొటో దిగమంటే ఎప్పుడూ తప్పించుకునేవారు.

పిల్లలకి ఊళ్ళో పెద్దవాళ్ళని దగ్గర చేయాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. వీడియో కాల్‌లో "తాతయ్యకి నమస్తే చెప్పు" అని ఫోన్ చేతికిచ్చి వదిలేయకండి. యుద్ధం గురించి చెప్పమని కాదు, అక్కడ చలికి ఏం కప్పుకున్నావు, ఏం తిన్నావు, ఉత్తరం రాకపోతే ఏం చేశావు అని పిల్లల చేతే అడిగించండి. పెద్దవాళ్ళు అలాంటివాటికి నోరు విప్పుతారు.

ఇలా సలహా ఇస్తున్నాను గానీ, మావాడు అన్నదాంట్లో తప్పేముందో నేను వాడికి చెప్పలేకపోయాను. నేను సిటిజన్‌షిప్ తీసుకున్న రోజు నాన్న ఇక్కడే ఉన్నారు. వెనక వరసలో నిటారుగా కూర్చున్నారు. బయటికొచ్చాక, ఏం చదివించారమ్మా అని అడిగారు. వేరే ఏ దేశానికీ ఇక విధేయత ఉండదనీ, చట్టం అడిగితే ఈ దేశం తరఫున ఆయుధం పడతాననీ ప్రమాణం చేయించారని చెప్పాను. చెబుతుంటే గొంతు పట్టేసింది. ఆయన మాత్రం తేలిగ్గా, "మరి ప్రమాణం చేశాక మనసులో ఇంకోటి పెట్టుకోకూడదు తల్లీ, ఎవరి ఉప్పు తింటే వాళ్ళకి నిలబడాలి" అన్నారు. అసెంబ్లీలో మావాడు చేసింది అదేనేమో. నేనే ఆ ప్రమాణం చేసి కూడా, వాడు ఇంకో జెండా కింద పనిచేసిన మనిషి కోసం లేచి నిలబడాలని పట్టుబడుతున్నాను. నిలబడాలనే ఇప్పటికీ అంటాను. ఆ మనిషి వాడి తాతయ్య.

నిన్న రాత్రి ట్రంకు ఫొటోలు చూస్తూ, "నేను పెద్దయ్యాక ఇక్కడ ఆర్మీలో చేరితే తాతయ్యకి నచ్చేదా?" అని అడిగాడు. నచ్చేది అన్నాను, ఆలోచించకుండానే. పడుకున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పద్దెనిమిది నిండితే వీడి పేరు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఇక్కడి ప్రభుత్వం ఉంచుకునే జాబితాలో, ఎక్కుతుంది. 1973 తర్వాత బలవంతంగా ఎవరినీ సైన్యంలోకి తీసుకోలేదు, ఆ సంగతి తెలుసు, అయినా టెన్షనే. పైగా విదేశీ సైన్యంలో ఉన్నవాళ్ళకీ, చేసి రిటైరైనవాళ్ళకీ, వీసా లేకుండా ఇండియాకి వచ్చిపోయేందుకు విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఇవ్వరు. తాతయ్యలా యూనిఫాం వేసుకున్నవాడు తాతయ్య పొలం చూడ్డానికి వీసా అడగాల్సొస్తుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, నాన్న పశ్చిమీ స్టార్ చూసి పొంగిపోయే నేను నా కొడుకుని పంపుతానా? నాయనమ్మ ఏడ్చినట్టే ఏడుస్తాననుకుంటాను. నాన్న వెళ్ళినట్టే వీడూ వెళ్తానంటే ఆపే హక్కు నాకుందో లేదో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.