తెల్లబోయిన సముద్రం

సెలవు రోజు. బీరువా సర్దాలని పొద్దున్నే గట్టిగా అనుకున్నాను. పది గంటలకు ఒక్క నిమిషమే అనుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లేచేసరికి చీకటి పడింది. బీరువా ఎలా ఉన్నది అలాగే ఉంది.

కారణం ఒక పాత ఫొటో ఆల్బమ్. అసలుది కాదు, పేజీ పేజీ స్కాన్ చేసిన నకలు. 1922లో ఐన్‌స్టైన్ దంపతులు జపాన్ వెళ్లిన ‘కిటానో మారు’ ఓడ మీది ఫొటోలు. నల్లటి దళసరి కాగితాలు, ప్రతి ఫొటోకూ నాలుగు మూలలా కాగితపు చెవులు, కింద తెల్ల సిరాతో రేవుల పేర్లు: పోర్ట్ సయీద్, కొలంబో, సింగపూర్, హాంకాంగ్, షాంఘై. ఒక పేజీలో ఫొటో ఎప్పుడో ఊడిపోయింది. నాలుగు చెవులు మాత్రం ఏమీ లేని చోటును భద్రంగా పట్టుకుని ఉన్నాయి. నేను ఎక్కువసేపు చూసింది ఆ పేజీనే.

తీసిన మనిషి పేరు ఎక్కడా లేదు. గొప్ప చేయి కాదని మాత్రం తెలుస్తోంది. సూర్యుడు వీపు వెనక ఉండాలన్న నియమం ఒక్కటీ బాగా వంటబట్టినట్టుంది. ఒక ఫొటోలో టోపీ పెట్టుకున్న నీడ డెక్కు చెక్కల మీదుగా సాగి, ఐన్‌స్టైన్ బూట్ల దగ్గర ఆగింది. ఆయన పడక కుర్చీలో కూర్చుని ఎండకు కళ్లు చికిలించారు. ఎల్సా టోపీ ఎగిరిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకున్నారు. ఆయనకు టోపీ లేదు, ఇక ఆ గాలిలో జుట్టు సంగతి చెప్పనక్కర్లేదు.

చూస్తే విహారయాత్ర అనిపిస్తుంది. ఆ జూన్‌లోనే జర్మనీ విదేశాంగ మంత్రి రాతెనౌను పట్టపగలు కాల్చి చంపారు. ఆయనలాగే యూదుడైన ఐన్‌స్టైన్‌కూ ముప్పు ఉందన్న మాటలు వినిపించాయి. కైజోషా అనే జపాన్ ప్రచురణ సంస్థ ఉపన్యాసాలకు పిలవడం, కొన్నాళ్లు దేశానికి దూరంగా ఉండే అవకాశం కలిసొచ్చాయి. అక్టోబర్‌లో ఫ్రాన్స్ మధ్యధరా తీరంలోని మార్సెయ్‌లో ఓడ ఎక్కి నవంబర్ 17న కోబెలో దిగారు. మధ్యలో కడుపునొప్పితో మంచం పడితే, అదే ఓడలో ప్రయాణిస్తున్న మియాకే అనే జపాన్ శస్త్రవైద్యుడు చూసుకున్నారు. 1921 నోబెల్ బహుమతి ఆయనకేనని, ఏడాది ఆలస్యంగా, స్టాక్‌హోమ్‌లో ప్రకటించేనాటికి కూడా ఆయన దారిలోనే ఉన్నారు.

కొలంబో పేజీలో కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేదు. మనిషి లాగే రిక్షాలో ఎక్కినందుకు సిగ్గుపడ్డానని ఐన్‌స్టైన్ రాసుకున్నది ఆ ఊళ్లోనే. అదే డైరీలో అక్కడి జనం గురించి, చైనీయుల గురించి చులకన మాటలూ ఉన్నాయి. మొదటిది చదివి మురిసిపోయి రెండోది దాటవేయడం నాకు చేతకాదు. ఇవేవీ ఫొటోల్లోకి రావు. కొబ్బరిచెట్లకు ఏం తెలుసు?

నన్ను రోజంతా కూర్చోబెట్టింది మాత్రం ఆయన కాదు, ఆయన వెనక ఉన్న సముద్రం. అది కనిపించదు! కడ్డీల అవతల అంతా తెలుపే. ఎక్కడ నీరు ముగిసి ఎక్కడ ఆకాశం మొదలైందో చెప్పే గీత కూడా లేదు. వెలిసిపోయిందేమో అనుకున్నాను, కానీ కోటు మడతలు స్పష్టంగానే ఉన్నాయి. తప్పు ఆనాటి ఫిల్ముది. అప్పట్లో మామూలుగా దొరికే ఫిల్ముకు ఎరుపు ఆనదు, నీలమంటే మహా ఆబ. నీలం ఎంత ఉంటే అంతగా కాలిపోయి, ప్రింటులో తెల్లగా తేలుతుంది. అంటే ఈ ఆల్బమ్‌లో ఉన్న తెలుపంతా నీలమే.

ఆ నీలం కథ అంతకు ముందు ఏడాదే అదే మధ్యధరా సముద్రం మీద ఇంకో ఓడలో మొదలైంది. 1921లో ఇంగ్లండు నుంచి ‘నార్కుండా’ ఓడలో తిరిగివస్తున్న సి.వి. రామన్ దగ్గర ఒక నికోల్ పట్టకం ఉంది, ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే స్ఫటికం అది. సముద్రానికి సొంత రంగు లేదు, కనిపించేది ఆకాశం నీడేనని బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ అన్న మాట అప్పటికి ప్రమాణం. నీటి మీద ఒక ప్రత్యేక కోణంలో పడి తిరిగొచ్చే వెలుగు ధ్రువితమై ఉంటుంది, అంటే ఒకే దిశలో కంపిస్తుంది. పట్టకాన్ని సరిగ్గా తిప్పితే ఆ మెరుపు ఆరిపోతుంది. నీలం ఆకాశానిదే అయితే మెరుపుతో పాటు అదీ పోవాలి. పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. బొంబాయి రేవు నుంచే ‘నేచర్’ పత్రికకు ఉత్తరం రాశారు, కింద తేదీ సెప్టెంబర్ 26. మరుసటి ఏడాది, నీటి అణువులు వెలుగును ఎంత చెదరగొడతాయో లెక్క కట్టడానికి ఆయన వాడినది పోలండు శాస్త్రవేత్త స్మోలుకోవ్‌స్కీ, ఐన్‌స్టైన్‌ల సిద్ధాంతం. 1910 నాటి ఐన్‌స్టైన్ వ్యాసంలోని సూత్రమే అది. (నీరు ఎరుపును మింగేయడం కూడా ఆ నీలానికి పెద్ద కారణమే. ఈ ముక్క చెప్పకపోతే రాత్రి నాకు నిద్ర పట్టదు.)

పడక కుర్చీలోని పెద్దమనిషి వీపు తిప్పి కూర్చున్న నీలానికి లెక్క ఆయన సూత్రంతోనే తేలింది. ఆ ఏడాదే తేలింది. ఫొటోలో మాత్రం అక్కడ తెల్ల కాగితం.

సాయంత్రం ఒక పిచ్చిపని చేశాను. ఎండలో కారు నడపడానికి కొన్న పోలరైజ్డ్ కళ్లద్దాలు తెచ్చి పెట్టుకుని ఆ పేజీ చూశాను. ఫొటోలో మెరుపు ఎప్పుడో వెండి రేణువులుగా గడ్డకట్టింది, దానికి ధ్రువణం ఎక్కడిది? తెలిసే పెట్టుకున్నాను. తల మెల్లగా పక్కకు వంచాను. ముందు డెక్కు మసకబారింది, తర్వాత ఎల్సా టోపీ, ఆ వెంటనే ఓడంతా నల్లబడింది. కంప్యూటర్ తెర వెలుగు స్వతహాగా ధ్రువితమై వస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తల ఎత్తితే ఐన్‌స్టైన్ ప్రత్యక్షం, వంచితే మాయం. ఎత్తుతూ వంచుతూ ఎంతసేపున్నానో తెలియదు.

వెనక నుంచి గొంతు వినిపించింది: “మెడ పట్టేసిందా? బీరువా సర్దడం వల్ల అయితే కాదులే.”