కక్కు దగ్గాలో దగ్గు

కొర్లగుంటలో మా అవ్వ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాల లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. చివరి అట్ట లోపల పెన్సిలుతో మూడే మూడు మాటలు: కక్కు దగ్గాలో దగ్గు. కక్కు, దగ్గు ఉన్నాయి కదా, ఏదో కషాయం గురించి రాసుకుని ఉంటుందిలే అంది అమ్మ. మరి దగ్గా అంటే ఏంది? ఆ రోజంతా నాకు అదే ధ్యాస.

ఏదో రహస్య భాషేమోనని వెనక నుంచి చదివాను, ఏమీ రాలేదు. చిన్నప్పుడు బళ్లో మాట్లాడుకున్న క భాషేమో అనుకుంటే, అందులో ప్రతి అక్షరం ముందూ క ఉండాలి, ఇక్కడ లేదు. అవ్వకు సంగీతం కొద్దిగా వచ్చు కాబట్టి కటపయాది పట్టుకున్నా. మేళకర్త రాగాల పేర్లలో నంబరు దాచే పద్ధతి అది, ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2, తిప్పి చదివితే 29. అట్లా లెక్కేసి తిప్పి చదివితే 3833811 వచ్చింది. ఏడంకెలు, ఫోన్ నంబరేమో అని గుండె కొట్టుకుంది గానీ ఆ ఇంట్లో ఫోనే ఉండేది కాదు.

జూలియస్ సీజర్ ఉత్తరాల్లో ఒక్కో అక్షరాన్ని మూడు స్థానాలు జరిపి రాసేవాడట. ఇక్కడ ముందుకు జరిపితే కక్కు కాస్తా ఘఘ్ఘు అవుతుంది, వెనక్కి జరిపితే క పోయి అచ్చుల్లో పడుతుంది.

రాత్రి పడుకున్నాక తట్టింది. 'లో' మారలేదు! అంటే దేంట్లోనో ఏదో ఉంది, రెండూ ఒకే అక్షరాలతో మొదలై ఒకటి దీర్ఘంతో, ఇంకొకటి ఉకారంతో ముగుస్తాయి. డబ్బాలో డబ్బు!

లేచి లైటేసి మా పాప అక్షరాల చార్టు ముందు నిలబడ్డాను. మన హల్లులు వర్గానికి అయిదు చొప్పున అయిదు వరసలు కదా, అవ్వ పక్కకు కాదు, కిందికి జరిపింది. డ కింద ద. బ కింద వరసే లేదు, కాబట్టి మళ్లీ పైకి పోయి గ. అట్లాగే ప పోయి క అయింది. య ర ల వలను ముట్టుకోలేదు.

పప్పు డబ్బాలో డబ్బు.

పొద్దున అమ్మకు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. కాలేజీ ఫీజు అడిగినప్పుడల్లా అవ్వ వంటింట్లోకి పోయి తెచ్చేదట, నోట్ల మడతల్లో కందిపప్పు పొడి ఉండేదట. ఆ డబ్బా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. పప్పంతా చాటలోకి పోసి చూశాం. అడుగున పరిచిన పేపరు ముక్క, దాని కింద నాలుగు మడతలు పెట్టిన ఇరవై రూపాయల నోటు.