మెమ్‌కాపీ హెచ్చరిక వస్తే ముందు స్ట్రక్ట్‌ను చూడండి

లినక్స్ కెర్నెల్ డ్రైవర్ బిల్డ్ చేస్తుంటే మెమ్‌కాపీ (ఒకచోటి బైట్లను ఇంకోచోటికి కాపీ చేసేది) ఉన్న చోట ‘డిటెక్టెడ్ రైట్ బియాండ్ సైజ్ ఆఫ్ ఫీల్డ్’ అని, అంటే ఫీల్డ్ సైజు దాటి రాస్తున్నారని, హెచ్చరిక వస్తుంది. పక్కనే ‘మేబీ యూజ్ స్ట్రక్ట్_గ్రూప్’ అని సలహా కూడా ఉంటుంది. అనంతపురం జేఎన్‌టీయూలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, కర్నూలు ఐఐఐటీడీఎంలోనో ప్రాజెక్టు కోసం పాత డ్రైవర్‌ను కొత్త కెర్నెల్ మీదికి ఎక్కించాలని కూర్చునే పిల్లలకు ఇది ఎదురయ్యే అవకాశం బాగా ఎక్కువ. చాలామంది వెంటనే పాయింటర్‌ను వాయిడ్ స్టార్‌కి క్యాస్ట్ చేసి చూస్తారు. హెచ్చరిక పోదు. ఆ అడ్రసు ఏ స్ట్రక్ట్‌లోని (కొన్ని ఫీల్డ్‌లను ఒకచోట కట్టిన డేటా రకం) ఏ ఫీల్డ్‌దో కంపైలర్ క్యాస్ట్‌ను దాటి వెతుక్కుంటుంది. విసుగొచ్చి మేక్‌ఫైల్‌లో హెచ్చరికనే ఆపేస్తారు. తగువు స్ట్రక్ట్ డిక్లరేషన్ దగ్గర ఉంటే కాపీ లైన్‌తో కుస్తీ పట్టడం దండగ.

హెచ్చరికను చదవడానికి ఒక పద్ధతి ఉంది. మొదటి వరుసల్లో ఫోర్టిఫై-స్ట్రింగ్ హెడర్ పేరు కనిపిస్తుంది, కంగారుపడి దాన్ని తెరవకండి. కెర్నెల్‌లో మెమ్‌కాపీ ఒక మాక్రో. అది విడిపోయి ఆ హెడర్‌లోని ఇన్‌లైన్ ఫంక్షన్‌గా మారుతుంది కాబట్టి ఆ పేరు వస్తుంది. ‘ఇన్‌లైన్డ్ ఫ్రమ్’ అన్న వరుసల్లో మీ ఫైలు పేరు, లైన్ నంబరు ఉన్నది పట్టుకోండి. తర్వాత __రైట్_ఓవర్‌ఫ్లో_ఫీల్డ్ అని ఉందో, __రీడ్_ఓవర్‌ఫ్లో2_ఫీల్డ్ అని ఉందో చూడండి. మొదటిది రాసే చోటు చిన్నదని, రెండోది చదివే చోటు చిన్నదని. చివర ‘ఫీల్డ్’ లేకుండా వస్తే మొత్తం ఆబ్జెక్టునే దాటిపోయారన్నమాట. అప్పుడు బిల్డ్ ఎర్రరుతో ఆగిపోతుంది, అది నిఖార్సైన బగ్గే.

దీనికోసం కెర్నెల్ మొత్తం బిల్డ్ చేయాల్సిన పని లేదు. ఒకసారి కాన్ఫిగ్ సిద్ధమయ్యాక ‘మేక్ డబ్ల్యూ=1’ (అదనపు హెచ్చరికలు చూపమని) పక్కన ఆ ఒక్క .ఓ ఫైలు (కంపైలైన ఆబ్జెక్టు ఫైలు) దారి ఇస్తే సరిపోతుంది. కాన్ఫిగ్_ఫోర్టిఫై_సోర్స్ ఆన్‌లో లేకపోతే ఈ తనిఖీ జరగనే జరగదు. ‘నా మెషీన్‌లో రాలేదే’ అనేవాళ్లు ముందు అది చూసుకోవాలి.

తనిఖీ వెనక ఉన్నది __బిల్టిన్_ఆబ్జెక్ట్_సైజ్. దీని రెండో ఆర్గ్యుమెంటు 0 అయితే మొత్తం స్ట్రక్ట్‌లో ఎంత మిగిలిందో చెబుతుంది, 1 అయితే ఆ ఫీల్డ్‌లో ఎంత మిగిలిందో చెబుతుంది. నాయన పేరు మీద ఒకే పట్టా ఉన్న చేనును అన్నదమ్ములిద్దరూ మధ్యలో గెనిమ వేసి పంచుకున్నారనుకోండి. పట్టా హద్దులు మాత్రమే కొలిచే సర్వేయరుకు అన్న మడక తమ్ముడి భాగంలోకి పోయినా తప్పు కనిపించదు. 0 ఆ సర్వేయరు, 1 గెనిమ దగ్గర నిలబడ్డవాడు. కెర్నెల్ డెవలపర్ కీస్ కుక్ చేసిన మార్పులతో 2022లో 5.18 కెర్నెల్ నుంచి మెమ్‌కాపీ కంపైల్ సమయంలోనే 1 ప్రకారం చూడడం మొదలుపెట్టింది. స్ట్రక్ట్ దాటకుండా లోపలే పక్క ఫీల్డ్‌ను తొక్కినా ప్రమాదమే, ఆ పక్క ఫీల్డ్ ఫంక్షన్ పాయింటర్ అయితే మరీను. సైజు తెలియనప్పుడు ఈ బిల్టిన్ సైజ్_టీలో పట్టే అతి పెద్ద విలువను ఇస్తుంది, తనిఖీ నోరెత్తదు. అందుకే హెచ్చరిక రాని కాపీలన్నీ మంచివని నమ్మకండి.

ఈథర్నెట్ హెడర్ 14 బైట్లు: గమ్యం అడ్రసు 6, మూలం అడ్రసు 6, ప్రోటోకాల్ 2. పాత కోడ్‌లో గమ్యం ఫీల్డ్ అడ్రసు ఇచ్చి 12 బైట్లు కాపీ చేసి, రెండు అడ్రసులూ ఒకేసారి లాగేస్తారు. పని చేస్తుంది, కానీ 6 బైట్ల ఫీల్డ్‌లో 12 రాస్తున్నట్టే కంపైలర్‌కు కనిపిస్తుంది. ఆ రెండు ఫీల్డ్‌లూ కలిసి ఒక ముక్క అని డిక్లరేషన్‌లో చెప్పడానికే 5.16లో స్ట్రక్ట్_గ్రూప్ మాక్రో వచ్చింది. వీలాన్ ఈథర్నెట్ హెడర్‌లో చేసింది అదే: రెండు అడ్రసులనూ ‘అడ్డర్స్’ అనే గ్రూపులో పెట్టారు. లోపల అది ఒక యూనియన్ (ఒకే మెమరీ చోటును పంచుకునే రకం). ఒకవైపు పేరు లేని స్ట్రక్ట్, మరోవైపు అవే ఫీల్డ్‌లతో పేరున్న స్ట్రక్ట్. కాబట్టి పాత ఫీల్డ్ పేర్లు రాసిన కోడ్ ఎక్కడా మార్చనక్కర లేదు. కాపీకి గ్రూపు అడ్రసు, సైజుకు గ్రూపు సైజాఫ్ ఇవ్వండి. 12 అనే అంకెను చేత్తో రాయకండి.

ఇక్కడే ఒక గుంత ఉంది, సలహా ఇచ్చే హెచ్చరిక దాని గురించి చెప్పదు. యూ32 ఏ, యూ16 బీ, యూ16 సీ ఉన్న స్ట్రక్ట్ 8 బైట్లు, సీ ఆఫ్‌సెట్ 6. ఏ, బీ రెండింటినీ గ్రూపు చేస్తే ఆ గ్రూపు 6 బైట్ల దగ్గర ఆగదు. అలైన్‌మెంట్ (అడ్రసు ఎన్ని బైట్ల గుణిజం కావాలో ఆ అంకె) 4 కాబట్టి చివర 2 బైట్ల ప్యాడింగ్ (ఖాళీ బైట్లు) చేరి 8 అవుతుంది. సీ ఆఫ్‌సెట్ 8కి, మొత్తం స్ట్రక్ట్ 12కి జరుగుతాయి. అది హార్డ్‌వేర్ చదివే డిస్క్రిప్టరో, వైర్ మీద పోయే ప్యాకెట్టో అయితే అక్కడితో డ్రైవర్ పని అయిపోయినట్టే, కంపైలర్ మాత్రం సంతోషంగా ఉంటుంది. స్ట్రక్ట్_గ్రూప్_ఏటీటీఆర్‌తో __ప్యాక్డ్ పెడితే ఆఫ్‌సెట్ మళ్లీ 6కి వస్తుంది, కానీ మొత్తం స్ట్రక్ట్ అలైన్‌మెంట్ 4 నుంచి 2కి పడిపోతుంది. ఇలాంటి చోట గ్రూపు మానేసి రెండు ఫీల్డ్‌లనూ విడివిడిగా అసైన్ చేయడమే మేలు. ఏది చేసినా డీబగ్ ఇన్ఫోతో బిల్డ్ చేసిన .ఓ మీద పాహోల్ (స్ట్రక్ట్‌లో ఏ ఫీల్డ్ ఎక్కడుందో చూపే సాధనం) నడిపి ఆఫ్‌సెట్లు ముందూ వెనకా పోల్చండి. స్ట్రక్ట్ కిందే సైజాఫ్, ఆఫ్‌సెటాఫ్ మీద స్టాటిక్_అసర్ట్ రాసి పెడితే రేపు ఇంకొకరు చెడగొట్టలేరు.

చివర 1 సైజు అరే పెట్టి దాన్నే ఎన్ని ఐటమ్‌లకైనా వాడుకునే పాత స్ట్రక్ట్‌లది ఇంకో గోల. 2023లో 6.5 నుంచి కెర్నెల్ స్ట్రిక్ట్-ఫ్లెక్స్-అరేస్=3తో బిల్డ్ అవుతోంది (జీసీసీ 13, క్లాంగ్ 16 నుంచి ఆ ఫ్లాగ్ ఉంది). ఇప్పుడు 1 అంటే ఒక్కటే. ఖాళీ బ్రాకెట్లతో ఫ్లెక్సిబుల్ అరేగా మార్చేటప్పుడు సైజాఫ్ తగ్గుతుందని మరవకండి: యూ32 కౌంటు, యూ32 ఐటమ్స్[1] ఉన్నది 8 నుంచి 4కి వస్తుంది. కేమ్యాలాక్‌లో (కెర్నెల్‌లో మెమరీ అడిగే ఫంక్షన్) ‘సైజాఫ్ + (ఎన్-1) × ఐటమ్ సైజు’ అని ఉన్న లెక్కను అలాగే వదిలేస్తే ఒక ఐటమ్ తక్కువ మెమరీ దొరుకుతుంది, చివరి ఐటమ్ రాసేటప్పుడు కేసాన్ (కెర్నెల్ మెమరీ తప్పులు పట్టే సాధనం) పట్టుకుంటుంది. స్ట్రక్ట్_సైజ్ వాడితే ఈ లెక్కే మీకు అక్కర లేదు, గుణకారం ఓవర్‌ఫ్లో అయినా అది చూసుకుంటుంది. జీసీసీ 15 ఉంటే __కౌంటెడ్_బై (అరే ఐటమ్‌ల సంఖ్య ఏ ఫీల్డ్‌లో ఉందో కంపైలర్‌కు చెప్పే గుర్తు) కూడా పెట్టండి. అరేను ముట్టుకునే ముందే కౌంటు నింపాలి, లేకపోతే సున్నా సైజు అరేలో రాస్తున్నారని మంచి కోడ్ మీదే గోల మొదలవుతుంది.

‘బౌండ్ బిట్వీన్ 18446744071562067968 అండ్ 18446744073709551615’ అన్న భయంకరమైన అంకెలు వస్తే, లెంగ్త్ ఇంట్ అయి ఉంటుంది. నెగెటివ్ ఇంట్ సైజ్_టీగా మారితే వచ్చే పరిధి అది. కాపీ లైన్ దగ్గర క్యాస్ట్ చేసి లాభం లేదు. లెంగ్త్ ఫంక్షన్‌లోకి వచ్చిన చోటే నెగెటివ్ కాదని, బఫర్ కంటే పెద్దది కాదని చూడాలి. తీసివేత కంటే ముందే చూడాలి: 32 బిట్ల అన్‌సైన్డ్‌లో 10 లోంచి 14 తీస్తే 4294967292 వస్తుంది.

స్ట్రింగ్‌ను కాపీ చేసే ఎస్‌టీఆర్‌ఎన్‌కాపీ మీద ట్రంకేషన్ (చివర తెగిపోవచ్చన్న) హెచ్చరికకు మందు ఎస్‌టీఆర్‌ఎస్‌కాపీ, తెగిపోతే అది మైనస్ ఈ2బిగ్ అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. మిగతా బైట్లను సున్నా చేయదు కాబట్టి ఆ బఫర్ యూజర్‌స్పేస్‌కు పోయేదైతే _ప్యాడ్ రకం వాడండి. కాపీ_ఫ్రమ్_యూజర్ ఫలితాన్ని పట్టించుకోలేదన్న హెచ్చరికది చిన్న విషయం: అది కాపీ కాని బైట్ల సంఖ్యను ఇస్తుంది, సున్నా కాకపోతే మీరు మైనస్ ఈఫాల్ట్ ఇవ్వాలి. ఆ సంఖ్యనే రిటర్న్ చేసే కోడ్ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

సైజు రన్‌టైమ్‌లోనే తెలిసే కాపీలకు 6.1 నుంచి డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) ‘ఫీల్డ్-స్పానింగ్ రైట్’ అని వస్తుంది. అది ఒక్కసారే చెబుతుంది, కాపీని ఆపదు. కాబట్టి రెండోసారి రాలేదని సంబరపడొద్దు. నిజంగానే వేరే దారి లేకపోతే అన్‌సేఫ్_మెమ్‌కాపీ ఉంది, దాని నాలుగో ఆర్గ్యుమెంటు కారణం రాసే కామెంటు. అక్కడ ‘హెచ్చరిక పోవడానికి’ అని రాస్తే మెయింటెయినరు వెనక్కి పంపుతారు, పంపాలి కూడా.

ప్యాచ్ పంపే ముందు పాత .ఓ, కొత్త .ఓ రెండింటినీ ఆబ్జ్‌డంప్ -డీతో (మెషీన్ కోడ్ చూపే సాధనం) తీసి డిఫ్ చేయండి. సైజు స్థిరంగా ఉన్న కాపీకి స్ట్రక్ట్_గ్రూప్ పెడితే మెషీన్ కోడ్ మారకూడదు. మైట్_స్లీప్ లాంటి మాక్రోలు డీబగ్ కాన్ఫిగ్‌లో లైన్ నంబరును కోడ్‌లోకే పంపుతాయి కాబట్టి ఆ అంకెలు కొన్ని జరగొచ్చు. ఆఫ్‌సెట్ ఒక్కటి జరిగినా మళ్లీ పాహోల్ తెరవండి.