భుజాలు కాదు, చంకలు తడుముకున్న రోజు

పదకొండు గంటలప్పుడు ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ వచ్చింది. "సహోద్యోగుల సౌకర్యాన్ని దృష్టిలో ఉంచుకుని అందరూ వ్యక్తిగత పరిశుభ్రత పాటించవలసిందిగా మనవి." అంతే. ఎవరి పేరూ లేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నారని సామెత. మా ఫ్లోర్‌లో అందరూ చంకలు తడుముకున్నారు. నా ముందు సీటతను పెన్ను కింద పడినట్టు వంగి, మోచెయ్యి కాస్త ఎత్తి వాసన చూసుకోవడం నేను చూశాను. నేను చూశానని అతనూ చూశాడు. ఇక సాయంత్రం దాకా ఒకరి మొహం ఒకరం చూసుకుంటే ఒట్టు.

తమాషా ఏమిటంటే, ఈ పరీక్ష వల్ల ఉపయోగం లేదు. ముక్కు ఏ వాసనకైనా కాసేపట్లో అలవాటు పడిపోతుంది. ఇరవై నాలుగ్గంటలూ మనతోనే ఉండే మన ఒంటి వాసనను అసలు పట్టించుకోదు. కాబట్టి "హమ్మయ్య, నేను కాదు" అనుకున్నవాళ్ల తీర్పేదీ చెల్లదు. నాదీ అంతే.

లంచ్‌లో కూడా ఇదే గొడవ. పొద్దున స్నానం చేసేవాళ్లం ఒక జట్టు, రాత్రి చేసేవాళ్లు ఒక జట్టు అయిపోయాం. మా టీమ్‌లో జపాన్ ఆయన ఒకరున్నారు, మహా మర్యాదస్తుడు. అన్నీ విని మెల్లగా అడిగారు, "రోజంతా బయట తిరిగిన ఒంటితో పక్క మీద ఎలా పడుకుంటారండీ?" అని. మా జట్టు దగ్గర జవాబు లేదు. రాత్రంతా చెమటపట్టిన ఒంటితో ఆఫీసుకు ఎలా వస్తారన్నది మా అనుమానం. జపాన్‌వాళ్లు ముందు తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో రుద్దుకుని, నురగంతా పోయేలా కడుక్కుని, ఆ తర్వాతే వేణ్నీళ్ల తొట్టిలో దిగుతారు. తొట్టి ఉన్నది మురికి వదిలించుకోవడానికి కాదు, అలసట తీర్చుకోవడానికి. అందుకే అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగినా వాళ్లకు ఎబ్బెట్టుగా ఉండదు. తొట్టిలోనే సబ్బు రుద్దుకుని ఆ నీళ్లలోనే నానే పద్ధతి గురించి ఎవరో చెబితే ఆయన మొహంలో రంగులు మారాయి.

ఇంతలో కొరియా అమ్మాయి, "నేను ఇంతవరకూ డియోడరెంట్ కొనలేదు, అవసరం పడలేదు" అంది. గొప్పలు పోతోందనుకున్నారు ఒకరిద్దరు. గొప్ప కాదు, అది పుట్టుకతో వచ్చింది. 2006లో జపాన్ పరిశోధకులు చెవి గులిమి ఆరా తీస్తూ ఏబీసీసీ11 అనే జన్యువు దగ్గర తేలారు. అందులో ఒక్క చిన్న మార్పు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తే గులిమి పొడిపొడిగా ఉంటుంది, లేకపోతే జిగటగా ఉంటుంది. ఇదే జన్యువుకు చంకల వాసనతోనూ సంబంధం ఉందని తర్వాత తేలింది. చెమట తనంతట తాను కంపు కొట్టదు. చంకల్లో ఉండే అపోక్రైన్ గ్రంథుల నుంచి వచ్చే పదార్థాలను చర్మం మీది బాక్టీరియా విరగ్గొట్టినప్పుడే వాసన పుడుతుంది. ఆ జన్యుమార్పు రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్లలో బాక్టీరియాకు ఆ ముడిసరుకు దాదాపు అందదు. కొరియాలో దాదాపు అందరూ పొడి గులిమి వాళ్లే. ఐరోపా, ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో అలాంటివాళ్లు బాగా తక్కువ. ఆ లెక్కన రోజుకు రెండు పూటలా స్నానం చేసినవాడి దగ్గర వాసన రావచ్చు, రెండు రోజులకోసారి చేసే ఆవిడ దగ్గర రాకపోనూ వచ్చు. స్నానాలు లెక్కపెట్టి మనుషులకు మార్కులు వేసేవాళ్లకు ఇది మింగుడుపడదు. (తినే బల్ల దగ్గర గులిమి సంగతి ఎత్తినందుకు నాకు పడిన చీవాట్లు వేరే కథ.)

మధ్యాహ్నం పని సాగితేనా! మనసంతా ఆ మెయిల్ మీదే ఉంది. "మీ దగ్గర వాసన వస్తోందేమో, మీకు తెలియదు, మీ మొహం మీద ఎవరూ అనరు" అనే ఈ భయానికి వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో సిన్సినాటీకి చెందిన ఒక సర్జన్, ఆపరేషన్ చేసేటప్పుడు చేతులకు చెమట పట్టకుండా ఒక ద్రావకం తయారుచేసుకున్నాడు. ఆయన కూతురు ఎడ్నా మర్ఫీ దాన్ని చంకలకు వాడొచ్చని కనిపెట్టి 'ఓడరోనో' పేరుతో అమ్మకానికి పెట్టింది. ఎర్రగా ఉండేది, బట్టలు పాడుచేసేది, చర్మం మంటెత్తించేది. పైగా చెమటను ఆపితే జబ్బు చేస్తుందని జనానికి భయం. ఇలాంటి సరుకును ఎలా అమ్మాలి? 1919లో ఒక మహిళా పత్రికలో ప్రకటన వేశారు. ఆడవాళ్లు తమకు తెలియకుండానే చెమట వాసనతో నలుగురికీ దూరమవుతున్నారన్నది దాని సారాంశం. ఒళ్లు మండి సుమారు 200 మంది పాఠకులు చందాలు మానేశారు. సరుకు అమ్మకాలు మాత్రం ఏడాదిలో రెట్టింపు దాటాయి. చెమట వాసన మనిషి పుట్టినప్పటి నుంచీ ఉంది. దానికి ఇంతగా కుంగిపోవడం నేర్పింది మాత్రం ఇలాంటి ప్రకటనలే.

అలాగని కంపంతా కల్పనే అనను. కిక్కిరిసిన లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకు ఈ చరిత్రలేవీ ఊరటనివ్వవు. కానీ శుభ్రత అంటే నీళ్లే అని మనం తేల్చేసుకున్నాం చూడండి, అక్కడ నాకు పేచీ ఉంది. ప్లేగు తర్వాత ఐరోపా వైద్యులు వేడినీళ్ల స్నానంతో చర్మరంధ్రాలు తెరుచుకుని రోగం లోపలికి వస్తుందని భయపెట్టారు. 17వ శతాబ్దం నాటికి అక్కడి గొప్పింటివాళ్లు స్నానం బదులు తెల్లటి నార చొక్కాలు మార్చేవాళ్లు. వాళ్ల దృష్టిలో అదే శుభ్రత. నమీబియాలోని హింబా స్త్రీలు నీటి ఎద్దడి ఉన్న చోట బతుకుతూ, సుగంధపు ఆకులూ బెరళ్లూ నిప్పుల మీద వేసి, ఆ పొగను ఒంటికి పట్టించుకుంటారు. వెన్నలో ఎర్రమట్టి కలిపి ఒంటికి రాసుకుంటారు. వాళ్లను చూసి ముక్కు మూసుకోవడానికి ముందు, మన పెర్ఫ్యూమ్ వాళ్ల ముక్కుకు ఎలా ఉంటుందో ఆలోచించాలి.

చొక్కా మార్చినవాళ్ల పద్ధతి మరీ నవ్వాల్సింది కూడా కాదు. 2014లో బెల్జియం పరిశోధకులు కొంతమంది చేత గట్టిగా సైకిలు తొక్కించి, వాళ్ల టీషర్టులను ఒక రోజు పైన ఉంచి వాసన చూపించారు. నూలువాటి కంటే పాలిస్టర్‌వి ఎక్కువ కంపు కొట్టాయి. వాసన పుట్టించే కొన్ని బాక్టీరియాలకు పాలిస్టర్ అంటే మహా ఇష్టం. మా ఆఫీసులో కుర్చీలకు వేలాడే జాకెట్లన్నీ పాలిస్టరే. ఏసీ చలికి రోజూ వేసుకుంటారు, ఎవరూ ఇంటికి తీసుకెళ్లి ఉతకరు. లోపలి ఒళ్లు ఎన్నిసార్లు తడిస్తే ఏం లాభం?

మరి చెప్పడం ఎలా? అందరికీ మెయిల్ పెట్టడం కంటే మొహమాటం లేని పద్ధతులు ఉన్నాయి. హాస్టల్‌లో నా రూమ్మేట్ ఒకసారి బట్టలు ఆరేసే తీగ దగ్గర, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, "నీ తువ్వాలు ముక్కిపోయినట్టుంది, కొత్తది కొనుక్కో" అని, నేను తేరుకునేలోపు రేపటి పరీక్ష గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. కొత్త తువ్వాలు ఆ సాయంత్రమే కొన్నాను. పాతదాన్ని ఎన్నిసార్లు వాసన చూసినా నాకేమీ తెలియలేదు. అది నిజంగా తువ్వాలేనా అని ఇప్పటికీ ఆమెను అడగలేదు.