కార్డు వెనుక పెద్దమ్మ సంతకం

మా పెద్దమ్మకు తన పేరు రాయడం యాభై ఏళ్లు దాటాక వచ్చింది. ఊళ్లో రాత్రిబడి నడిచిన కొద్ది నెలల్లో ఆమె నేర్చుకున్నవి తన పేరులోని నాలుగైదు అక్షరాలే అయినా, ఆ తరువాత బ్యాంకు కాగితం దేని మీదా ఆమె వేలిముద్ర వేయలేదు. చెన్నైలో భవన నిర్మాణ పనులకు వెళ్లిన కొడుకు పంపే డబ్బు తీసుకోవడానికి ఆమెకు ఏటీఎం కార్డు వచ్చినప్పుడు, నేను విజయనగరం నుంచి బొబ్బిలి దగ్గరున్న వాళ్ల ఊరికి వెళ్లి ఉన్నాను. వెనుక ఉన్న తెల్లని పట్టీ మీద సంతకం చేయాలని చెప్పగానే, ఆమె అరుగు మీద కూర్చుని, నున్నటి పట్టీ మీద బాల్‌పెన్ను జారిపోతూ ఉంటే గీసిన గీతనే మళ్లీ దిద్దుతూ, తెలుగులో పేరు రాసింది. చివరి అక్షరం పట్టీ దాటి, పక్కనున్న సీవీవీ (ఆన్‌లైన్ చెల్లింపుల్లో అడిగే మూడంకెల రహస్య సంఖ్య) మీదికి ఎక్కింది. కార్డు ముందువైపు ఉన్నదంతా ఇంగ్లీషే కాబట్టి, దాని మీద ఆమె చదవగలిగిన మాట అదొక్కటే.

ఆ సంతకాన్ని ఎవరూ చూడరని నాకు అప్పటికే తెలుసు. కార్డును యంత్రంలో గీసే కాలంలో చీటీ మీద మనం చేసిన సంతకాన్ని, కార్డు వెనుక ఉన్న సంతకంతో దుకాణదారు పోల్చి చూడాలన్నది నియమం. విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల కొట్లో, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు వారం రోజుల రద్దీలో, వెనుక పదిమంది బిల్లులు పట్టుకుని నిలబడి ఉండగా ఏ గుమస్తాకు అంత తీరిక ఉంటుంది? నేను కట్టిన ఏ బిల్లుకూ ఒక్కరు కూడా కార్డు తిప్పి చూడలేదు. అసలు ఆ ఏర్పాటులోనే పెద్ద లోపం ఉంది. కార్డు దొంగిలించినవాడికి, తాను అనుకరించవలసిన సంతకం నమూనా కూడా ఆ కార్డుతోనే అందుతుంది. చెక్కుల మీద చేసే సంతకం కూడా అదే అయితే, ఆ నమూనాను కూడా మనమే వాడి చేతిలో పెట్టినట్టు అవుతుంది.

అందుకే రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు 1 నుంచి దుకాణాల్లో డెబిట్ కార్డు చెల్లింపులకు పిన్ తప్పనిసరి చేసింది. అయస్కాంతపు పట్టీ మాత్రమే ఉన్న పాత కార్డుల స్థానంలో 2018 డిసెంబరు 31 నాటికి చిప్ కార్డులు ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది. పట్టీలోని సమాచారం ఎప్పుడూ ఒకటే కాబట్టి ఒకసారి కాజేస్తే నకలు కార్డు తయారైపోయేది. చిప్ అలా కాక ప్రతి చెల్లింపుకూ ఆ ఒక్కసారికే పనికివచ్చే సంకేతాన్ని తయారుచేస్తుంది. అదే 2018 ఏప్రిల్‌లో వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్ సంస్థలు అమెరికాలో కూడా దుకాణదారులు సంతకం తీసుకోనవసరం లేదన్నాయి. ఇక్కడ 2021 జనవరి 1 నుంచి, కార్డును యంత్రానికి తాకించి చేసే చెల్లింపుల్లో 5,000 రూపాయల వరకు పిన్ కూడా అడగనవసరం లేదు.

కార్డు వెనుక సంతకంతో పని లేదన్న నా లెక్క ఇంతవరకు సరిగానే ఉంది. అయితే సంతకం పోయి పిన్ వచ్చినప్పుడు భారం ఎవరి మీదికి మారిందో నాకు పెద్దమ్మ విషయంలోనే అర్థమైంది.

ఆమె బొబ్బిలిలో ఏటీఎంకు వెళ్లినప్పుడల్లా లోపల ఉన్న ఎవరినో ఒకరిని సాయం అడిగి, పిన్ చెప్పేది. మీట నొక్కడం చేతకాకపోతే పక్కవారిని అడగడం ఆమెకు బస్సు బోర్డు చదివించుకున్నంత మామూలు విషయం. సంతకాన్ని అడిగినా మరొకరికి నోటితో చెప్పలేము, నాలుగంకెలను చెప్పేయగలము. ఒక రోజు సాయం చేసిన కుర్రవాడు ఆమె అడిగిన రెండు వేలు తీసి ఇచ్చి, కార్డు కూడా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బస్టాండులో టికెట్టు డబ్బులకు సంచీ తెరిచినప్పుడు ఆమె కార్డు తిప్పి చూసింది. అదే బ్యాంకు, అదే రంగు. వెంటనే పక్కవారి చేత నాకు ఫోను చేయించింది.

"ఇది నాది కాదు బాబూ. దీని ఎనక నా పేరు నేదు."

నేను బ్యాంకు నంబరుకు ఫోను చేసి కార్డు ఆపించి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పేలోపే ఇరవై వేలు పోయాయి. ఖాతాలో మిగిలిన ముప్ఫై ఒక్క వేలు దక్కాయి. ఆ సంతకం లేకపోతే, మళ్లీ డబ్బు అవసరమయ్యేదాకా ఆమె ఆ పరాయి కార్డునే భద్రంగా సంచీలో దాచుకుని ఉండేది.

పోయిన సొమ్ము గురించి బ్యాంకు శాఖకు వెళ్తే, పిన్ మీరే చెప్పారు కదా అన్నారు. నియమం ప్రకారం వారి మాట కాదనలేము. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు రహస్య వివరాలు బయటపెట్టడం వల్ల జరిగిన నష్టాన్ని, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు ఖాతాదారే భరించాలి. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకు భరించాలి. చెక్కు మీద ఎవరైనా ఆమె సంతకం ఫోర్జరీ చేసి ఉంటే, ఖాతాదారు అనుమతి లేనట్టే కాబట్టి, ఆ చెల్లింపుకు బ్యాంకే జవాబు చెప్పాలి. అంటే సంతకం పోల్చి చూడవలసిన బాధ్యత వారిదైతే, పిన్ దాచుకోవలసిన బాధ్యత పూర్తిగా మనది. ఇంత పెద్ద మార్పును చదువురాని మనిషికి కార్డు ఇస్తూ ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఎవరో ఎందుకు, నేను కూడా సంతకం ఎక్కడ చేయాలో చూపించానే గానీ, పిన్ గురించి ఒక్క మాట చెప్పలేదు.

కొత్త కార్డు వచ్చినప్పుడు మార్కర్ పెన్ను తీసుకువెళ్లాను. ఆమె అక్షరాలను చిన్నవి చేసి, పట్టీ దాటకుండా పేరంతా పట్టించింది. సీవీవీని నేను ఒక చీటీ మీద రాసి ఇంట్లో పెట్టి, కార్డు మీద నల్లగా చెరిపేశాను. విదేశీ, ఆన్‌లైన్ చెల్లింపులు రెండూ ఆపి ఉన్నాయో లేదో చూశాను. మీటలు నొక్కే వరుసను రెండు రోజులు కాగితం మీద గళ్లు గీసి నేర్పాను.

మూడో రోజు ఇద్దరం బొబ్బిలి వెళ్లాము. నన్ను గాజు తలుపు బయటే ఉండమని చెప్పి, ఆమె కొంగు అడ్డం పెట్టుకుని, నిదానంగా నాలుగంకెలు తనే నొక్కింది.