మెల్లకన్ను పురుగు

ప్రాణంతో ఉన్న ప్లనేరియాను, అంటే నీళ్లలో ఉండే ఓ చదునైన పురుగును, ఇవాళే మొదటిసారి మైక్రోస్కోపు కింద చూశాను. సెంటీమీటరు పొడవుంటుందేమో. రెండు నల్లటి కళ్లు, అదీ మెల్లకన్ను! నవ్వాగలేదు.

నిజానికి అవి మనలాంటి కళ్లు కావు. లెన్స్ లేదు, బొమ్మ కనపడదు. నల్లటి గిన్నెలాంటి దాంట్లో కాంతిని పట్టే కణాలు, అంతే. గిన్నె ఒక పక్కకే తెరిచి ఉంటుంది కాబట్టి వెలుగు ఎటునుంచి వస్తోందో దానికి తెలుస్తుంది. లైటు పెంచగానే మెల్లగా చీకటి వైపు జారుకుంది. తలకి అటూ ఇటూ పొడుచుకొచ్చినవి చెవులనుకున్నా. కాదు, నీళ్లలో తిండి జాడ పసిగట్టేవి.

'నిచ్చెన లాంటి నాడీ వ్యవస్థ' అని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! తలలో బుల్లి మెదడు, అక్కణ్ణుంచి తోక దాకా రెండు నాడీ దండాలు, మధ్యలో అడ్డంగా మెట్లు. బొమ్మ కళ్లు మూసుకుని వేసేస్తాను. అది ఇలా ఆగి, తల అటూ ఇటూ ఊపి, ఆలోచిస్తున్నట్టు దారి మార్చుకుంటుందని మాత్రం ఊహించలేదు.

తల కోసేస్తే రెండు వారాల్లో మెదడు, కళ్లతో సహా కొత్త తల వస్తుంది. వచ్చే వారం ప్రాక్టికల్ అదే. బ్లేడు పట్టుకోవాలంటే ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.